సమాధానం: శ్రీకాకుళం హోటల్ లాబీ ఎగ్జిబిషన్ స్టాల్‌లా తయారైందంటే

అన్నగారూ, గోడకి నాలుగు బొబ్బిలి వీణలు, మూలమూలకీ ఇత్తడి బిందెలు, పైగా సవర గిరిజనుల బొమ్మల వాల్‌పేపర్ అన్నారు. అలా కుక్కితే స్టాల్‌లా కాక ఎలా ఉంటుంది? ముందు సగం తీయించేయండి.

వీణ ఒక్కటి చాలు. పనస దుంగని తొలిచి చేసే వస్తువు, మేకుకి తగిలించడం అన్యాయం. రిసెప్షన్ దగ్గర పీట మీద పెట్టి, పక్కనుంచి చిన్న లైటు వేయండి.

అసలు సరుకు పొందూరు ఖద్దరు. వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి, చేత్తో వడికిన సన్న నూలు. సోఫాలకి వద్దు, నాలుగు నెలల్లో చిరుగుతుంది. కిటికీలకి తెల్లగా, రంగు వేయకుండా వేలాడదీయండి. పొద్దున్న ఎండ పడితే నూలులోని ఎగుడుదిగుళ్లు కూడా కనిపిస్తాయి. పడక గదుల్లో అయితే నిద్రకి వెనకాల వెలుతురు ఆపే బ్లాకౌట్ కర్టెన్ ఎలాగూ ఉండాలి.

బిందెల బదులు, ఇత్తడి పనికి పేరున్న బుడితి ఊరి పనివాళ్లతో దీపాల డోములు చేయించండి. ఉప్పుగాలికి ఇత్తడి నల్లబడుతుంది, చింతపండుతో తోమే మనిషి ఖర్చు కూడా లెక్కేసుకోండి.

సవర బొమ్మలు వాళ్ల దేవతల కోసం వేసేవి. ప్రింటు కొట్టించకండి. సీతంపేట వైపు చిత్రకారులని అడిగి, ఏది వేయొచ్చో వాళ్లనే చెప్పనిచ్చి, ఒక్క ఎర్రమట్టి గోడ అప్పగించండి. బాత్రూం దారిలో మాత్రం వద్దు.