సమస్థానీయాల్లో సమానమైనదేది?

సందేహం: ఐసోటోపులకు పాత పుస్తకాల్లో 'సమస్థానీయాలు' అన్న పేరు కనిపిస్తుంది. బరువులో తేడా ఉన్న పరమాణువులను 'సమ' అనడం ఎట్లా కుదురుతుందని మా తరగతిలో ఒక విద్యార్థి అడిగాడు. 'సమభారకాలు' అన్నా ఇవేనా?
– ఒక ఉపాధ్యాయిని

సమాధానం: ఈ పేరులోని 'సమ' స్థానాన్ని చెబుతుంది గాని ద్రవ్యరాశిని చెప్పదు. సమకాలికులంటే ఒకే కాలంలో ఉన్నవారే తప్ప ఒకే ఈడువారు కానక్కరలేదు గదా! ఆవర్తన పట్టికలో ఒకే గడికి చెందినవి కనుక ఇవి సమస్థానీయాలు. 1913లో రసాయన శాస్త్రవేత్త ఫ్రెడరిక్ సాడీకి 'ఐసోటోపు' అన్న మాటను సూచించిన వైద్యురాలు మార్గరెట్ టాడ్ ఉద్దేశించినదీ ఇదే. గ్రీకులో ఐసోస్ అంటే సమానం, టోపోస్ అంటే చోటు.

గడిని నిర్ణయించేది ప్రోటాన్ల సంఖ్య. క్లోరిన్ కేంద్రకంలో ఎప్పుడూ 17 ప్రోటాన్లే ఉంటాయి. ఒకటి తగ్గితే అది గంధకం, ఒకటి పెరిగితే ఆర్గాన్. న్యూట్రాన్లకు ఇంత కట్టుబాటు లేదు. 18 న్యూట్రాన్లు ఉన్నది క్లోరిన్-35, 20 ఉన్నది క్లోరిన్-37. విద్యుదావేశం లేని ఈ కణాలు ద్రవ్యరాశిని పెంచుతాయే గాని ఎలక్ట్రాన్ల సంఖ్యను మార్చవు కాబట్టి, రెండింటి రసాయన ధర్మాలూ దాదాపు ఒక్కటిగానే ఉంటాయి. ప్రకృతిలో మొదటిది సుమారు ముప్పాతిక, రెండోది పాతిక వంతు ఉండడం వల్ల సగటు 35.5 దగ్గర తేలుతుంది. 'క్లోరిన్ పరమాణువు ద్రవ్యరాశి 35.5' అని 'సగటు' మాట వదిలేసి రాయడం నాకు సమ్మతం కాదు. అంత ద్రవ్యరాశి ఉన్న క్లోరిన్ పరమాణువు ఒక్కటీ లేదు.

'దాదాపు' అన్నది ఊరికే వాడిన మాట కాదు. హైడ్రోజన్‌లో ఒక్క న్యూట్రాన్ చేరితేనే ద్రవ్యరాశి ఇంచుమించు రెట్టింపవుతుంది. డ్యుటీరియం అనే ఆ బరువైన హైడ్రోజన్‌తో ఏర్పడినదే తెలంగాణలో మణుగూరు దగ్గరి కర్మాగారంలో తయారయ్యే భారజలం. దాని మంచుముక్క మామూలు నీటిలో తేలదు, మునుగుతుంది.

ఇక సమభారకాలు ఇవి కావు. ఆ పేరులో 'సమ' భారానికి, అంటే ద్రవ్యరాశి సంఖ్యకు, చెందుతుంది, మూలకాలు వేరు. ఆర్గాన్-40లో ప్రోటాన్లు 18, న్యూట్రాన్లు 22. కాల్షియం-40లో రెండూ ఇరవయ్యేసి. మొత్తం సమానం, గడులు వేరు.