బర్రెకు చొప్ప కొనండి

మూలాపేట, నెల్లూరు.

అమ్మాయికి ఆశీస్సులు.

మీ నాన్న సిపాయి రోజుల మీద నువ్వు రాసిన కథ అంది వారమైంది. టైపు చేయించి, స్పైరల్ బైండింగ్ వేయించి మరీ పంపావు. నీకు నలభై దాటాయన్నావు కదా, మా పెద్దమ్మాయి ఈడుదానివి. అందుకని నువ్వు అనే రాస్తున్నాను, ఏమీ అనుకోకు.

పద్నాలుగో పేజీ దాకా బాగానే సాగింది. అక్కడ మీ నాన్న రాజస్థాన్ ఎడారిలో ఇసుక బస్తాల వెనక పడుకుని పాకిస్తాన్ ట్యాంకుల మీద మెషీన్ గన్ పేలుస్తుంటే, కాగితాలు మూసి లేచి వెళ్ళి మజ్జిగ తాగి వచ్చాను. నా బీపీకి అది మంచిది కాదు. ట్యాంకుల మీద నాకేం కోపం లేదు. తొమ్మిదో పేజీలో నువ్వే అటక మీది ట్రంకు పెట్టె దించి, అందులో ఏమేమున్నాయో వరుసగా రాశావు. అయిదు పేజీలు దాటేసరికి అన్నీ మర్చిపోయావు. కోపం అందుకు.

పెట్టెలో రెండు మెడల్స్ ఉన్నాయన్నావు. ఒకటి సంగ్రామ్ మెడల్, రెండోది పూర్వీ స్టార్. పూర్వీ అంటే ఏమిటమ్మా? తూర్పు. 1971 యుద్ధంలో పడమటి సరిహద్దులో ఉన్నవాళ్ళకు ఇచ్చింది పశ్చిమీ స్టార్. మీ నాన్న ఉత్తరాల మీద 99 ఎ.పి.ఓ. అని ఉందనీ, అదేమిటో అర్థం కాలేదనీ రాశావు. కలకత్తా మీదుగా తూర్పు వైపు సైన్యానికి పోయే టపా నంబరది. ఢిల్లీ మీదుగా పోయేదానికి 56. ఈ రెండు అంకెల తేడా మిలిటరీ వాళ్ళ ఇళ్ళలో ముసలమ్మలకు కూడా తెలుసు. మీ గిద్దలూరు, కంభం వైపు వీధికొక రిటైర్డ్ సుబేదారు ఉంటాడే, ఒక్కరి అరుగు మీదైనా కాసేపు కూర్చోలేకపోయావా?

పైగా డిశ్చార్జి పుస్తకంలో ట్రేడు అన్నచోట వడ్రంగి అని ఉంది. అదీ నువ్వు రాసిందే. మద్రాస్ సాపర్స్, అంటే సైన్యంలో వంతెనలు, దారులు వేసే ఇంజనీర్ల దళం, బెంగళూరు సెంటరు. సాపర్లకు తుపాకి పట్టడం రాదని నేననను, వాళ్ళూ సిపాయిలే. కానీ తూర్పు బెంగాల్, అదే ఇప్పటి బంగ్లాదేశ్, అంటే నదులు, బురద, కాలవలు. పాకిస్తాన్ సైన్యం వెనక్కి పోతూ పోతూ వంతెనలు పేల్చేసింది. భైరవ్ బజార్ దగ్గర మేఘనా నది మీది రైలు వంతెన అలా పోయిందే. మన వాళ్ళను హెలికాప్టర్లలో నది దాటించాల్సి వచ్చింది. అలాంటి చోట వడ్రంగి విలువెంతో ఆలోచించు. పదమూడు రోజుల యుద్ధంలో ఆయన ఏ కాలవ మీద ఏ దుంగ పరిచాడో నాకు తెలియదు, నీకూ తెలియదు. నువ్వు మాత్రం ఆయన చేతిలో ఉలి లాగేసుకుని మెషీన్ గన్ పెట్టావు, తీసుకెళ్ళి ఇసుకలో పడేశావు. సినిమాలు చూసి రాస్తే ఇంతే.

ఉత్తరాల మీద తేదీలు చెరిగిపోయాయి, ఏది ముందో ఏది వెనకో తెలియడం లేదన్నావు. ఇంటి అడ్రసు చూడు. మీ వైపంతా 1970 ఫిబ్రవరి దాకా కర్నూలు జిల్లా. ఆ తర్వాత ఒంగోలు జిల్లా అయింది. 1972లో ప్రకాశం పంతులుగారి పేరు పెట్టారు. కవరు మీద కర్నూలు జిల్లా అని ఉంటే ఆయన కొత్తగా చేరిన రోజులవి. ఒంగోలు జిల్లా అని ఉంటే ఆ రెండేళ్ళలోవి, నీకు కావలసినవి అందులోనే ఉంటాయి. పిన్‌కోడు ఉంటే 1972 ఆగస్టు 15 తర్వాతివి. ఇంటి నుంచి ఆయనకు వెళ్ళిన కవర్లు కూడా దాచుకున్నాడన్నావు కదా, వాటి మీద స్టాంపులు చూడు. 1971 నవంబరు 15 నుంచి శరణార్థుల సాయానికని అయిదు పైసల స్టాంపు అదనంగా అంటించాల్సి వచ్చేది. ఆ స్టాంపు ఉన్న కవరు మీ తాత యుద్ధానికి ముందు నెలలోనో, ఆ తర్వాతో పోస్టు చేసిందన్నమాట. పోస్టుమార్కులో ఊరి పేరు కోసం వెతక్కు. ఫీల్డ్ పోస్టాఫీసు ముద్రలో నంబరే ఉంటుంది, ఊరుండదు. శత్రువుకు తెలియకూడదని.

ఇదంతా డిటెక్టివ్ పని, రచయిత పని కాదని నీకనిపించవచ్చు. నాకూ ఒకప్పుడు అనిపించింది. ఆ కథ చెప్తాను విను.

మా నాన్న రెండో ప్రపంచ యుద్ధంలో లారీ డ్రైవరు. రాయల్ ఇండియన్ ఆర్మీ సర్వీస్ కోర్. దిమాపూర్ నుంచి ఇంఫాల్ పోయే కొండదారిలో బియ్యం, పెట్రోలు డ్రమ్ములు మోశాడు. 1944 మార్చి ఆఖర్లో జపాను వాళ్ళు ఆ దారి తెంపేశారు. జూన్ 22న నూటతొమ్మిదో మైలురాయి దగ్గర దారికి రెండు కొసల నుంచి వచ్చిన మన సైన్యాలు కలిశాకే మళ్ళీ లారీలు కదిలాయి. మా ఇంట్లో ఏదైనా పని ఎడతెగకుండా సాగుతుంటే ఆయన ‘నూటతొమ్మిదో మైలు ఇంకా రాలా’ అనేవాడు. అదొక్కటే ఆయన చెప్పిన యుద్ధం. ఆయన కుడి మణికట్టు వంకరగా ఉండేది. ఓ చలి పొద్దున ఇంజను స్టార్ట్ కాక హ్యాండిల్ తిప్పుతుంటే అది ఎదురు కొట్టి ఎముక విరిగింది. కట్టు సరిగ్గా కుదరక అలాగే అతుక్కుపోయింది. అన్నం కలుపుకునేటప్పుడు మోచెయ్యి బయటికి తోసి, పక్కవాడిని పొడుస్తున్నట్టు కూర్చునేవాడు. పంక్తి భోజనాల్లో ఆయన పక్కన కూర్చోవాలంటే చుట్టాలకు భయం.

ఆ చెయ్యి మీద నేను కథ రాశాను. అప్పుడు నాకు ఇరవై ఏడేళ్ళు. రెండు పూటలా టీ బన్నుతో గడిపే రోజులు. మద్రాసులో ఓ వారపత్రిక ఎడిటరు దగ్గరకు మూడుసార్లు తిరిగాను. మూడోసారి ఆయన కథ చదివి, ‘యుద్ధం అన్నావు, తుపాకి ఏదయ్యా?’ అన్నాడు. ‘హ్యాండిల్ తగిలి చెయ్యి విరగడానికి ఇంఫాల్ దాకా ఎందుకు, మౌంట్ రోడ్డులో విరగదా?’ అన్నాడు. అక్కడే, ఆయన బల్ల మీదే, ఆయన పెన్నుతోనే హ్యాండిల్ కొట్టేసి జపాను బుల్లెట్ అని రాసిచ్చాను. మరుసటి నెల వచ్చింది, బొమ్మతో సహా. పాతిక రూపాయలు పంపారు.

పత్రిక తీసుకుని నెల్లూరు వచ్చాను. నాన్న వసారాలో కూర్చుని వేలు పెట్టి వరుస వరుసా చదివాడు. అయ్యాక పత్రిక మడిచి నా చేతికిచ్చి, ‘హ్యాండిలని రాస్తే అచ్చెయ్యరంట్రా?’ అన్నాడు. కోప్పడలేదు. నిజంగా తెలుసుకుందామనే అడిగాడు. నేను చెప్పలేకపోయాను.

ఆయన పోయాక ఆ చేతి గురించి మళ్ళీ రాద్దామని కూర్చున్నాను. అప్పటికి చూసుకుంటే ఏమీ మిగల్లేదు. ఆ యుద్ధానికి ఆయనకిచ్చిన మెడల్, బర్మా స్టార్‌ను ఇత్తడి అనుకుని మా అమ్మ పాత సామాన్లవాడికి వేసేసింది. బదులు స్టీలు గరిటె వచ్చింది. ఆ గరిటెతోనే ఇప్పటికీ మా ఇంట్లో పప్పు వడ్డిస్తారు. దొరికిందల్లా రిబ్బను ముక్క. ముదురు నీలం, మధ్యలో ఎరుపు పట్టె, అటూ ఇటూ నీలంలో సన్నగా నారింజ గీత. నీకు మెడల్స్ ఉన్నాయి, పుస్తకం ఉంది, ఉత్తరాలున్నాయి. అన్నీ ఉండి ఎడారికి పోయావు. అందుకే ఒళ్ళు మండింది.

ఎడిటర్లు మారారనుకోకు. వాళ్ళకు సిపాయి ఏడాదికి రెండుసార్లు గుర్తొస్తాడు, ఆగస్టు పదిహేనుకు ఒకసారి, జనవరి ఇరవై ఆరుకు ఒకసారి. రెండుసార్లూ చచ్చిపోవాలి, లేదా కాలో చెయ్యో పోవాలి. పెన్షను కాగితాలు పట్టుకుని బ్యాంకు క్యూలో నిలబడ్డవాడు పనికిరాడు. ఈ మధ్య ఇంకో తెగులు వచ్చింది. మొదటి వాక్యంలోనే బాంబు పేలాలట, లేకపోతే ఫోనులో చదివేవాడు పైకి తోసేస్తాడట. తోసుకోనీ.

ఇక అసలు సంగతి. పదకొండో పేజీలో, పేరా చివర, ఒకే ఒక్క వాక్యంలో ఓ మాట అనేసి పోయావు. మీ తాత పేర వచ్చిన మనియార్డరు కూపను మీద, కబురు రాసే ఆ రెండంగుళాల జాగాలో, ‘నేను బాగున్నాను. బర్రెకు చొప్ప కొనండి’ అని మాత్రమే ఉందన్నావు. కూపను మీద ముద్ర 1971 డిసెంబరుది. అది చదివి నేను చాలాసేపు మళ్ళీ పేజీ తిప్పలేదు. ట్యాంకులకు నాలుగు పేజీలు ఇచ్చినదానివి దీనికి ఒక్క వాక్యం ఇస్తావా? ఏ బర్రె అది? ఈనిందా, చూడుతో ఉందా? ఆ ఏడు మీ పొలంలో జొన్న పండలేదా, చొప్ప కొనాల్సిన అవసరం ఎందుకొచ్చింది? ఆ కూపను చేతికొచ్చేసరికి యుద్ధం అయిపోయిందా, ఇంకా నడుస్తోందా? డిసెంబరంటే కంది కోతలు దగ్గరపడే రోజులు, కొడుకు లేకుండా మీ తాత ఎవరిని పెట్టి కోయించాడు? ఇవన్నీ మీ అమ్మకు తెలుస్తాయి. కాపురానికి వచ్చిన కొత్తలోవే కదా. పక్కన కూర్చుని, చిక్కుడుకాయలు వలుస్తూ అడుగు. ఫోను రికార్డరు ముందు పెట్టి అడిగితే గొంతు మారిపోతుంది.

ఆ ఉలి కూడా. ‘తుప్పు పట్టిన ఉలి ఒకటి’ అని రాసి వదిలేశావు. చేత్తో పట్టుకున్నావా? పిడి చివర సుత్తి దెబ్బలకు పువ్వులా విచ్చుకుని ఉంటే బాగా వాడిందని అర్థం. నున్నగా ఉంటే ఇంటికొచ్చాక కొన్నదేమో. ఆర్మీ సామానైతే ఏదో ఒక ముద్ర ఉండే అవకాశం ఉంది, కొబ్బరినూనె రాసి చూడు. సంగ్రామ్ మెడల్ అంచు మీద కూడా చూడు, నంబరు, ర్యాంకు, పేరు కొట్టి ఉంటాయి. ఆ నంబరు వేసి బెంగళూరులో వాళ్ళ రికార్డ్స్ ఆఫీసుకు ఉత్తరం రాయి. కూతురినని రుజువు కాగితం జతచెయ్యి. ఒంగోలులో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ఉంది, ఎలా రాయాలో వాళ్ళు చెప్తారు. జవాబు ఆలస్యమవుతుంది. ఈలోపు కథ రాయకు, నోటుబుక్కు నింపు.

కలం పేరు గురించీ, పోటీల గురించీ ఏదో అడిగావు. ఆ కాగితం ఎక్కడో పెట్టాను, కనపడటం లేదు. నీ భాష బాగుంది, అది చెప్పడం మర్చిపోయాను.

ఒక్కటి మాత్రం మనసులో తొలుస్తోంది. ట్రంకు పెట్టె మూత లోపలివైపు ఏదో కాగితం అంటించి ఉందనీ, చిరిగిపోతుందేమోనని ముట్టుకోలేదనీ రాశావు. తడిగుడ్డ పెట్టకు, గోటితో గీకకు. పెట్టెను అలాగే వసారాలోకి లాగి, పొద్దున పూట ఏటవాలు ఎండలో చూడు. అక్షరాలు లేస్తాయి. అది క్యాలెండరు బొమ్మో, ఎవరి ఫొటోనో, వంతెన కొలతలో, ఏదైనా సరే, నాకు ఓ కార్డు ముక్క రాయి. ఉన్నది ఉన్నట్టు రాయి.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి