గోరింకల గుంపులో తెల్ల పక్షి: నేను చూసింది ఇదీ

పార్కులో గింజలు పెట్టే చోట గోరింకలతో కలిసి ఒక తెల్ల పక్షి తింటోంది, అదేం పక్షి, పట్టి ఎవరికైనా అప్పగించాలా అని అడిగారు. మీ ఫోటోలో తల అటు తిరిగి ఉంది. అయినా అచ్చం ఇలాంటిది నేను ఒడిశాలోని పర్లాకిమిడిలో చూశాను కాబట్టి రాస్తున్నా.

మా పక్క పార్కులో పొద్దున్నే నడకకు వచ్చేవాళ్లు మట్టి మూకుళ్లలో నూకలు, చోళ్లు పోస్తారు. (కొందరు ఉప్పూ కారం మిక్చరు కూడా వేస్తారు, దయచేసి వేయకండి.) ఒక జనవరిలో, మంచు ఇంకా విడవలేదు, పది పన్నెండు గోరింకల మధ్య పాలలో ముంచి తీసినట్టు ఒకటి కనిపించింది. ముందు పెంపుడు పావురమేమో అనుకున్నా. కాపలా ఆయన "ధొళా చొఢెయి (ఒడియాలో తెల్ల పిట్ట), వారం నుంచి వస్తోంది" అని ఊరుకున్నాడు. ఫోన్‌లో వెతికితే బాలి మైనా బొమ్మ వచ్చింది. ఇండోనేషియాలో బాలి దీవి పక్షి, మా ఊరి పార్కులో! ఆగలేక ముగ్గురికి ఫోన్ చేసి చెప్పేశాను.

మర్నాడు మా బాబాయి బైనాక్యులర్‌తో చూశాక పరువు పోయింది. బాలి మైనాకు కంటి చుట్టూ నీలం చర్మం, రెక్కల చివర, తోక చివర నలుపు ఉంటాయి. దీనికి కంటి దగ్గర పసుపు, ముక్కు పసుపు, కాళ్లు పసుపు. అరుపు కూడా మన గోరింకదే.

అంటే అది తెల్లబారిన మామూలు గోరింకే. ఇలా తెల్లబారడాన్ని లూసిజం అంటారు. ఈకలకు నలుపు, గోధుమ రంగులిచ్చే మెలనిన్ వాటిలోకి చేరదు. ముక్కు, కాళ్ల పసుపు తిండిలోంచి వచ్చే వేరే రంగు కనుక అలాగే ఉంటుంది. కన్ను ముదురుగా ఉంటే లూసిజం, ఎర్రగా ఉంటే అల్బినో, అంటే ఒంట్లో మెలనినే తయారుకానిది. అల్బినోలకు చూపు సరిగా ఉండదు, అడవిలో ఎక్కువ కాలం బతకడం కష్టం. మెలనిన్ ఈకకు గట్టితనం కూడా ఇస్తుంది, అందుకే తెల్ల ఈకలు త్వరగా అరుగుతాయి. మా దాని రెక్కల అంచులు మార్చికల్లా చీపురులా అయ్యాయి.

పట్టే ఆలోచన మాత్రం వద్దు. మా దగ్గర కూడా ఒకాయన వల తెస్తానని బయల్దేరాడు. గోరింకను పట్టి బోనులో పెట్టడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరమని చెప్పాక తగ్గాడు. అది జబ్బు పక్షి కాదు. మిగతా గోరింకలు దాన్ని తరమలేదు కూడా, మూకుడు దగ్గర అదే అందరినీ పొడిచేది! డేగ కంట్లో పడటమే దానికి అసలు టెన్షన్. అందుకని గింజలు ఆరుబయట కాకుండా పొదకు దగ్గరగా పెట్టించండి, పిల్లి దాక్కునేంత దగ్గరగా కాదు. పక్కన వెడల్పు పళ్లెంలో నీళ్లు ఉంచండి.

ఈసారి కన్ను, కాళ్లు కనిపించేలా ఫోటో దొరికితే పెట్టండి. పార్కు పేరు మాత్రం రాయకండి.