సంక్రాంతి వెళ్ళాక ఉగాది వచ్చేదాకా ఇంట్లో ఏం చేస్తాం

పండక్కి వచ్చిన పిల్లలు కనుమ దాటగానే ఎవరి ఊళ్ళకు వాళ్ళు వెళ్ళిపోయారనీ, ఉద్యోగ విరమణ తర్వాత ఇదే మొదటి ఏడాది కావడంతో ఇల్లు బోసిపోయిందనీ, ఉగాది దాకా పొద్దెలా పుచ్చాలో తెలియడం లేదనీ అడిగారు. విజయవాడలో రెండో అంతస్తు ఇల్లు, ఎండ తగిలే బాల్కనీ ఉందని కూడా రాశారు. నేను మీకు దగ్గర్లోనే, తెనాలి పక్క ఊళ్ళో ఉంటాను. మావారు, మా అత్తగారు, నేను. నా ఉద్యోగం ముగిసి కొన్నేళ్ళయింది. ఏడాది మొత్తంలో నాకు బాగా ఇష్టమైన కాలం ఇదే కాబట్టి కాస్త తీరుబడిగా జవాబు రాస్తున్నాను.

ముందుగా నా అభిప్రాయం చెప్పేస్తాను. ఈ రెండు నెలల కోసం కొత్త వ్యాపకాలు వెతుక్కోవద్దు. మాఘ, ఫాల్గుణ మాసాల్లో ఇల్లే మనకు పని చెబుతుంది. వాన భయం ఉండదు. ఎండ ఉంటుంది గాని ఇంకా మాడ్చదు. కార్తీకంలో మన కోస్తాలో తుపాను బెంగ, వైశాఖంలో గడప దాటనివ్వని ఎండ. ఏడాదికి సరిపడా ఆరబెట్టుకోవలసినవి, నిలవ చేసుకోవలసినవి ఈ రోజుల్లో కుదిరినంత బాగా మరెప్పుడూ కుదరవు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఇవన్నీ ఆదివారాల్లోకి కుక్కేశాం. ఇప్పుడు మనకు పగలు చేతికొచ్చింది.

చలి వెనకపట్టు పట్టిందని మా ఇంట్లో మొదట చెప్పేది కొబ్బరినూనె సీసా. కొబ్బరినూనె దాదాపు 24 డిగ్రీల దగ్గర కరుగుతుంది. పుష్యమాసంలో పొద్దున్నే చూస్తే తెల్లగా గడ్డకట్టి ఉంటుంది, చెంచా కాడతో గీకి తీయాలి. మాఘం సగమయ్యేసరికి అంచుల్లో నూనె, నడుమ గడ్డ. శివరాత్రి నాటికి సీసా వంచితే ధారగా వస్తుంది. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని పెద్దలు అనే మాట నిజమో కాదో సీసాలో చూసుకోవచ్చు. పెరుగూ అంతే. జనవరిలో పాలు బాగా గోరువెచ్చగా ఉన్నప్పుడే తోడు వేసి, గిన్నెను బియ్యం డబ్బాలో పెట్టి మూత వేస్తే గాని తెల్లవారేసరికి తోడుకోదు. ఫిబ్రవరి చివరికి అర చెంచా తోడు చాలు. మార్చిలో లేవగానే ఫ్రిజ్‌లోకి మార్చకపోతే మధ్యాహ్నానికి పులిసిపోతుంది. ఇవన్నీ గమనిస్తూ కూర్చోవడం ఒక పనా అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఇల్లు నడిపే మనిషికి ఇవి కావలసిన వార్తలు.

మా వసారా దక్షిణం వైపుకు ఉంటుంది, చూరు ఎనిమిది అడుగుల ఎత్తు. మన ప్రాంతం సుమారు 16 డిగ్రీల అక్షాంశం మీద ఉంది కాబట్టి డిసెంబరు 21 ప్రాంతంలో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు దక్షిణాన 50 డిగ్రీల ఎత్తులోనే నిలబడతాడు. ఎండ వసారాలోకి ఆరడుగులు దాటి వస్తుంది. ఫిబ్రవరి మధ్యలో నాలుగున్నర అడుగులు. మార్చి 20కి సూర్యుడు 74 డిగ్రీల దాకా ఎక్కడంతో రెండడుగుల చిన్న పట్టీ మిగులుతుంది. మా అత్తగారి మడతకుర్చీ ఆ ఎండను పట్టుకుని గోడ దగ్గర నుంచి మెట్ల వైపుకు జరుగుతూ ఉంటుంది. మార్చి వచ్చాక ఒక రోజు కుర్చీని మళ్ళీ గోడకు, నీడలోకి వేయించుకుంటారు. ఇక ఆ రోజు మావారు స్టూలు ఎక్కి ఫ్యాను రెక్కలు తుడవాలని మా ఇద్దరికీ అర్థమైపోతుంది. మీ బాల్కనీ దక్షిణం వైపుకే ఉంటే నేల మీద ఎండ అంచున సుద్దముక్కతో ఒక గీత గీసి, పదిహేను రోజుల తర్వాత అదే వేళకు చూడండి.

ఇక అసలు పని పండుమిరప పచ్చడి. కాయ నొక్కితే గట్టిగా ఉండాలి, ముడత పడకూడదు, తొడిమ ఇంకా పచ్చగా ఉండాలి. తొడిమతోనే కడగండి. తొడిమ తీసి కడిగితే కాయ లోపలికి నీళ్ళు దిగుతాయి, పచ్చడి బూజు పడుతుంది. కడిగాక పొడి గుడ్డతో ఒక్కొక్క కాయనూ తుడిచి, పాత నూలు చీర మీద నీడన రాత్రంతా ఆరనివ్వాలి. తొడిమలు మర్నాడు తీయాలి. చేతులకు ముందే నూనె రాసుకోండి, లేకపోతే రాత్రికి వేళ్ళు భగ్గుమంటాయి. మా ఇంటి కొలత కిలో కాయకు పావుకిలో చింతపండు, పావుకిలోకు కాస్త తక్కువ కల్లుప్పు. కాయలూ ఉప్పూ కలిపి కచ్చాపచ్చాగా దంచి, మధ్యలో చింతపండు పెట్టి జాడీలో నొక్కుతాం. మూడో రోజు తీసేసరికి చింతపండు ఆ రసం తాగి మెత్తబడి ఉంటుంది. అప్పుడు మళ్ళీ రుబ్బి జాడీకి ఎత్తి, మూతి చుట్టూ గుడ్డ కడతాం. రోలు లేకపోయినా దిగులు పడకండి, మిక్సీని ఆపి ఆపి తిప్పితే చాలు, మెత్తటి ముద్ద కాకుండా చూసుకోవాలి. మెంతిపొడి, వెల్లుల్లి, ఇంగువ పోపు ఏ వారానికి ఆ వారం వేసుకోవాలి. ఒకేసారి అంతా పోపు పెడితే జాడీ తెరిచినప్పుడు వచ్చే ఆ కొత్త ఎరుపు వాసన ఉండదు.

ఈ పనిలో నాకు అన్నిటికన్నా నచ్చేది కాయలు తుడిచే మధ్యాహ్నం. చేతులకు పని ఉంటుంది, మనసుకు ఉండదు. అప్పుడే మా అత్తగారు ఎవరి పెళ్ళిలో ఎవరు అలిగారో, ఏ ఏడాది మినుము చేలు తెగులు పట్టి పోయాయో చెప్పుకొస్తారు. మా వైపు వరి కోతకు ముందే చేలో మినుములు చల్లుతారు, ఈ రోజుల్లోనే ఆ పంట చేతికొస్తుంది. టీవీ పెట్టి కూర్చున్నప్పుడు ఆమె నోట ఇలాంటి మాటలు రావు. మీ ఇంట్లో మీరొక్కరే అయితే కాయలు ముందేసుకుని అక్కకో చెల్లెలికో ఫోను చేసి స్పీకరు పెట్టుకోండి. కబుర్లు వాటంతట అవే సాగుతాయి.

కొత్త చింతపండు కూడా ఇప్పుడే వస్తుంది. రంగు ఇంకా లేతగా ఉంటుంది, నిలవున్న కొద్దీ నల్లబడుతుంది. గింజలు, ఈనెలు తీసి, ఎండలో ఆరబెట్టి, ఉప్పు చల్లి కుండలోకి ఎత్తుకోవడమే. రగ్గులు ఉతికి ఎండేసి, ఎండిన వేపాకు మడతల్లో పెట్టి పైకి ఎత్తేయడం ఇంకో రోజు పని.

చెట్ల సంగతి చెప్పకపోతే ఈ జవాబు సగమే అవుతుంది. మా పెరట్లో ఒక మామిడి ఉంది. పూత విచ్చుకున్న రోజుల్లో పొద్దున పదింటికి దాని కింద నిలబడితే ఈగల రొద. ఆ ఈగలను చూసి విసుక్కోకండి, మామిడి పూతకు పరాగసంపర్కం చేసేవాటిలో అవే ముఖ్యమైనవి. కొమ్మ కదిపితే ఆకుల మీద సన్నటి చినుకులు పడ్డట్టు టపటపమంటే తేనెమంచు పురుగు చేరిందని గుర్తు. అది పూతలోని రసం పీల్చి జిగటగా తేనె వదులుతుంది. కింది ఆకులు నిగనిగలాడతాయి, ఆ జిగట మీద తర్వాత నల్లటి మసి పడుతుంది. పూత విచ్చుకుని ఉండగా మేం మందు కొట్టం, పురుగుతో పాటు ఈగలూ తేనెటీగలూ చస్తాయి. ఒక్కో పూగుత్తిలో వందల్లో, ఒక్కోసారి వేలల్లో పూలుంటాయి. వాటిలో ఎక్కువ మగపూలే. చివరికి గుత్తికి ఒకటో రెండో కాయలు నిలుస్తాయి. అందుకని నేల మీద పరుచుకున్న పూతను, పిందెలను చూసి బెంగపడక్కర్లేదు. చెట్టు తాను మోయగలిగినన్నే ఉంచుకుంటుంది.

పెరడు లేకపోయినా మీ వీధిలో వేపచెట్టు తప్పక ఉంటుంది. రెండో అంతస్తు అంటే దాని తల మీ కళ్ళకు ఎదురుగానే ఉంటుంది, నేల మీద ఉండే మాకు ఆ భాగ్యం లేదు. ముందు ఆకు పసుపుబారి రాలుతుంది, తర్వాత రాగి రంగు చిగురు, అది ఆకుపచ్చకు తిరిగాక తెల్లటి పూత. మన పండగ చాంద్రమానాన్ని బట్టి, చెట్టు పూయడం రుతువును బట్టి. అందుకే ఈ రెండూ ఏటా ఒకే తీరుగా కలవవు. ఉగాది 2024లో ఏప్రిల్ 9న, 2025లో మార్చి 30న, 2026లో మార్చి 19న. అధికమాసం వచ్చాక తర్వాతి ఏడాది పండగ మళ్ళీ ఏప్రిల్ వైపుకు జరుగుతుంది. ఉగాది ముందుగా వచ్చిన ఏడాది పచ్చడికి పువ్వు కోసం చెట్టు చెట్టూ వెతకాలి. ఆలస్యంగా వస్తే చెట్ల కింద తెల్లగా రాలి ఉంటుంది. అలా దొరికిన ఏడాది కాస్త ఎక్కువ కోసి నీడన ఆరబెట్టి డబ్బాలో పెట్టుకోండి. నేతిలో వేయించి చారులో వేస్తే ఏడాదంతా వస్తుంది. ఇక కోకిల సంగతి ఎలాగూ తెలుస్తుంది, ఫిబ్రవరిలో గొంతు సవరించుకుని మార్చికల్లా తెల్లవారకుండానే మొదలుపెడుతుంది. కూసేది నల్లటి మగపక్షి. గోధుమరంగు మీద తెల్లటి చుక్కలున్నది ఆడపక్షి. రెండిటినీ ఒకే కొమ్మ మీద చూశానంటే నాకు ఆ పూటంతా సంబరమే.

ఇన్ని ఉన్నా సాయంత్రం నాలుగింటి నుంచి ఆరింటి దాకా బరువుగానే ఉంటుంది. పనులు అయిపోతాయి, వంట వేళ కాదు, పిల్లలు గుర్తొస్తారు. ఆ వేళకు ఇంట్లో కూర్చోవద్దని నా గట్టి సలహా. ఇవి పరీక్షల రోజులు. ఇంటర్ పిల్లలు, పదో తరగతి పిల్లలు పుస్తకాలు పట్టుకుని మెట్ల మీద, డాబాల మీద తిరుగుతుంటారు. మా వసారాలో సాయంత్రాలు పక్కింటి పిల్లలు చదువుకుంటారు. నేను వాళ్ళకు పాఠాలు చెప్పను, ఒక్కొక్కరికి ఒక గ్లాసు మజ్జిగ ఇస్తాను, అప్పజెబుతామంటే పుస్తకం పట్టుకుని వింటాను. వాళ్ళు వచ్చే వేళకు నేను కూడా చీర మార్చుకుని తల దువ్వుకుంటాను. మీ అంతస్తులో అలాంటి పిల్లలు ఉంటే వాళ్ళ అమ్మగారిని ఒకసారి అడిగి చూడండి, ఇరుకు ఇళ్ళలో చదువుకోవడానికి చోటు దొరికితే ఎవరూ కాదనరు. మార్చి మధ్యలో ఒంటిపూట బడులు మొదలైతే చిన్నపిల్లలు కూడా మధ్యాహ్నాలు ఇంటిపట్టునే ఉంటారు, భవనమంతా సందడిగా మారుతుంది.

చింతపండు నెమ్మదిగా చేసుకోవచ్చు, రగ్గులు ఏ రోజైనా ఉతకవచ్చు. మార్చి మధ్యకు వచ్చేసరికి మార్కెట్లో తొడిమ పచ్చగా ఉన్న పండుమిరప దొరకడం కష్టమవుతుంది కాబట్టి ముందు దాంతోనే మొదలుపెట్టండి. మొదటిసారికి కిలో చాలు, ఇద్దరు మనుషులకు వర్షాకాలం దాటి కూడా వస్తుంది.