సైన్యానికి వెళ్లే అబ్బాయికి ఏ వాచీ కొనాలి?

ప్రశ్న: మా అబ్బాయి అగ్నివీర్‌గా సెలెక్ట్ అయ్యాడు. వచ్చే నెల గోల్కొండ ఆర్టిలరీ సెంటర్‌లో ట్రైనింగ్. జీపీఎస్ ఉన్న 28 వేల స్మార్ట్ వాచీ కొందామనుకుంటున్నాను, వాడెక్కడున్నాడో మా ఫోన్‌లో కనిపిస్తుందట. వాడేమో జీ-షాక్ చాలంటున్నాడు. ఏది మేలు?
– ఒక తండ్రి, శ్రీకాకుళం జిల్లా

జవాబు: మీవాడు చెప్పిందే మేలు. సెలెక్షన్లు అయిన ప్రతిసారీ నాకు ఇలాంటి ప్రశ్నలు వస్తాయి. ఏ బూట్లు, ఏ ట్రంకు పెట్టె, ఏ వాచీ అని అడుగుతారు. అన్నిటి కిందా ఉన్న టెన్షన్ ఒక్కటే, పిల్లాడు అక్కడ ఎలా ఉంటాడో అని. ఆ బెంగ సహజం.

కానీ కొంచెం గట్టిగానే చెబుతున్నాను, ఏమీ అనుకోకండి. సైనికుడు ఎక్కడున్నాడో ఇంట్లో ఫోన్‌లో కనిపించాలని కోరుకోకూడదు. మీకు కనిపించేది మీ ఒక్కరికే కనిపిస్తుందన్న నమ్మకం ఏమిటి? 2018 జనవరిలో స్ట్రావా అనే వ్యాయామ యాప్ మ్యాపు వల్ల పెద్ద గొడవే అయింది. సిరియా, అఫ్గానిస్థాన్‌లలో విదేశీ సైనికులు రోజూ పరుగు తీసిన దారులు అందులో వెలుగు గీతల్లా కనిపించాయి. చుట్టూ చీకటి, మధ్యలో ఆ గీతలు. స్థావరం ఎక్కడుందో అవే చెప్పేశాయి. పాపం, వాళ్లు చేతికి వాచీ పెట్టుకుని పరిగెత్తారు, అంతే. అలాంటిది మీవాడి చేతికి మీరే కడతారా?

పైగా స్మార్ట్ వాచీలు చాలావాటికి రోజూ కాకపోయినా వారానికోసారైనా ఛార్జింగ్ పెట్టాలి. బ్యారక్‌లో ఆ ప్లగ్ కోసం వెతుక్కోవడం వాడికి అదనపు పని. చలి ప్రాంతంలో పోస్టింగ్ పడితే ఆ బ్యాటరీ ఇంకా తొందరగా దిగిపోతుంది.

క్యాసియో కంపెనీ వాచీ జీ-షాక్ 1983 నుంచి ఉంది. పది మీటర్ల ఎత్తు నుంచి పడ్డా పగలకూడదనే పట్టుదలతో తయారుచేశారు. నలుచదరంగా ఉండే మామూలు మోడల్‌ని ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. అంచు అద్దం కన్నా కాస్త ఎత్తుగా ఉంటుంది. మోచేతుల మీద పాకేటప్పుడు రాళ్లు ముందు ఆ అంచుకే తగులుతాయి. 200 మీటర్ల వాటర్ రెసిస్టెన్స్ ఉంటుంది కాబట్టి వానకీ ఈతకీ బెంగ లేదు. 30 మీటర్లు అని రాసి ఉన్నవి చేతులు కడుక్కోవడానికి సరిపోతాయి, ఈతకి కాదు. సోలార్ రకం దొరికితే మరీ మంచిది. మెరిసే స్టీలు వాచీ మాత్రం వద్దు, ఎండలో తళుక్కుమంటుంది.

మామూలు మోడల్ మీరన్న డబ్బులో నాలుగో వంతుకే వచ్చేస్తుంది. మిగతాది వాడి డిగ్రీ చదువుకి దాచండి. అగ్నివీర్ల సర్వీసు నాలుగేళ్లే, ఆ తర్వాత రెగ్యులర్‌గా తీసుకునేది గరిష్ఠంగా 25 శాతం మందినే. మీరు నిజంగా ఆలోచించాల్సింది దాని గురించి. అలాగని భయపడకండి. సర్వీసులో ఉండగానే చదువుకునే వీలు ఉంది, బయటికొచ్చేటప్పుడు సేవా నిధి అనే మొత్తం ఒకేసారి చేతికొస్తుంది. 28 వేలు అక్కర్లేదని తనే చెప్పిన కుర్రాడు దాన్ని జాగ్రత్తగానే వాడుకుంటాడు.

వాచీ కొన్నాక 24 గంటల టైము పెట్టించి, గంటగంటకీ కొట్టే బీప్ ఆపేయించండి. పట్టీ పిన్నులు రెండు స్పేర్‌గా పెట్టెలో వేసి పంపండి. ట్రైనింగ్ 31 వారాలు, మధ్యలో ఫోన్ రాని రోజులుంటాయి. ఆ రోజుల్లో వాడు బాగానే ఉన్నాడనుకోండి.