లండన్ మ్యూజియాలకి టికెట్టు లేదు, ఖర్చు మాత్రం ఉంది

సందేహం: మేం నలుగురం సెప్టెంబరు ఇన్‌టేక్‌లో మాస్టర్స్‌కి వచ్చాం. ఈస్ట్ హామ్‌లో షేరింగ్‌లో ఉంటున్నాం. బ్రిటిష్ మ్యూజియంతో పాటు పెద్ద మ్యూజియాలన్నీ చూడాలని ఉంది. ఆన్‌లైన్‌లో వెతికితే మనిషికి ఇరవై, ముప్ఫై పౌన్లు చూపిస్తోంది. నలుగురికీ కలిపి ఎంతవుతుంది? ఒక రోజులో ఎన్ని చూడొచ్చు? వేసవిలో అమ్మానాన్నలు వస్తే వాళ్లని తీసుకెళ్లడం కుదురుతుందా?

జవాబు: తమ్ముళ్లూ, ముందు ఆ ఇరవై పౌన్ల పేజీ మూసెయ్యండి. అది మ్యూజియం వాళ్ల పేజీ కాదు. ఎవరో గైడు టూరుకో, "క్యూ లేకుండా ప్రవేశం" అన్న మాటకో డబ్బు పెట్టి అమ్ముతున్నారు. బ్రిటిష్ మ్యూజియం, నేషనల్ గ్యాలరీ, నేచురల్ హిస్టరీ, సైన్స్ మ్యూజియం, వీ అండ్ ఏ (విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం), టేట్ మోడర్న్, ఇంపీరియల్ వార్ మ్యూజియం, గ్రీనిచ్‌లోని మారిటైమ్ మ్యూజియం, ఇవన్నీ ఉచితం. 2001 డిసెంబరు 1 నుంచి ఇక్కడి జాతీయ మ్యూజియాల్లో శాశ్వత సేకరణ చూడటానికి ఎవరి దగ్గరా డబ్బు తీసుకోవడం లేదు. స్టూడెంట్ వీసానా, విజిటర్ వీసానా అని ఎవరూ అడగరు.

జీతం పౌన్లలో రాకముందు నుంచీ ఈ ఊళ్లో సెలవు రోజులన్నీ మ్యూజియాల్లోనే గడిపి నిలదొక్కుకున్నవాళ్లం కాబట్టి పైసా పైసా లెక్కతో చెబుతున్నాం. ప్రవేశం ఉచితమే. దాని చుట్టూ డబ్బు కారిపోయే చిల్లులు నాలుగైదు ఉన్నాయి. మా తరం వాళ్లం ఒక్కో చిల్లుకీ ఒకసారైనా డబ్బు పోగొట్టుకునే నేర్చుకున్నాం. మీకు ఆ అవసరం లేదు.

మొదటిది బుకింగ్. చాలా మ్యూజియాలు టైము వేసి ఉచిత టికెట్టు ఇస్తాయి. మ్యూజియం సొంత వెబ్‌సైటులోనే, సున్నా పౌన్లకి తీసుకోవాలి. బుకింగ్ లేకపోయినా చాలాచోట్ల లోపలికి పంపిస్తారు కానీ శని, ఆదివారాల్లోనూ స్కూలు సెలవుల్లోనూ సౌత్ కెన్సింగ్టన్‌లో బయట క్యూలో చాలాసేపు నిలబడాల్సి వస్తుంది. బుక్ చేసేటప్పుడు మధ్యలో విరాళం అడిగే పేజీ వస్తుంది. కొత్తవాళ్లు అదే టికెట్టు ధర అనుకుని కార్డు నంబరు కొట్టేస్తారు. అక్కడ సున్నా పెట్టి ముందుకెళ్లొచ్చు. గుమ్మం దగ్గర విరాళం పెట్టె పక్కన మనిషి నిలబడి నవ్వుతూ "అయిదు పౌన్లు ఇస్తారా" అన్నా అంతే. అది అడగడమే గానీ వసూలు కాదు. ఉద్యోగం వచ్చాక మనసుపెట్టి ఇవ్వండి, ఈ మ్యూజియాలు దానికి తగినవే. ఫీజు వాయిదా నెత్తిమీద ఉన్నప్పుడు మొహమాటానికి ఇవ్వక్కర్లేదు.

దీనికి తోకగా గిఫ్ట్ ఎయిడ్ అని ఒక గడి ఉంటుంది. మీరిచ్చిన ప్రతి పౌనుకీ ప్రభుత్వం దగ్గర నుంచి ఇంకో 25 పెన్నీలు ఆ సంస్థ తెచ్చుకునే ఏర్పాటు అది. ఆ 25 పెన్నీలు మీరు ఈ దేశంలో కట్టిన ఆదాయపు పన్నులోంచే రావాలి. ఇంకా పన్ను కట్టనివాళ్లు టిక్కు పెడితే ఆ తేడా మీరు కట్టాల్సి రావచ్చు. కాబట్టి స్టూడెంట్లు టిక్కు పెట్టొద్దు. డబ్బు తీసుకునే మ్యూజియాల్లో విరాళంతో కలిపి ఒక ధర, విరాళం లేకుండా ఒక ధర పక్కపక్కనే ఉంటాయి. పెద్దది ముందే ఎంచి పెట్టి ఉందేమో చూసుకోండి.

అసలు పెద్ద చిల్లు ప్రయాణం. మనవాళ్లు మ్యూజియం టికెట్టు గురించి పది రోజులు ఆలోచిస్తారు, ట్యూబు (భూగర్భ రైలు) గేటు దగ్గర మాత్రం ఏ ఆలోచనా లేకుండా చెయ్యి పెట్టేస్తారు. వెళ్లేటప్పుడు ఫోనుతో టాప్ చేసి, దిగేటప్పుడు ఫోను జేబులో ఉండిపోయిందని అదే బ్యాంకు కార్డు ముట్టిస్తారు. బ్యాంకు ఖాతా ఒకటే కదా అనుకుంటారు. గేటుకి అవి రెండు వేరు కార్డులు. ఫోను ఎక్కి దిగలేదు, కార్డు ఎక్కకుండా దిగింది. రెండు సగం ప్రయాణాలకీ చెరొక గరిష్ఠ ఛార్జీ పడుతుంది, రోజుకి ఇంతకి మించి తీసుకోరన్న హద్దు (రోజువారీ క్యాప్) కూడా పనిచెయ్యదు. పొద్దున ఏది ముట్టించారో రాత్రి ఇల్లు చేరేదాకా అదే. ఒకరి కార్డు మీద ఇద్దరు వెళ్లడం కుదరదు. బస్సులో ఎక్కేటప్పుడు మాత్రమే టాప్ చెయ్యాలి, దిగేటప్పుడు కాదు.

శుక్రవారం మీకు మంచి రోజు. ఆ రోజు బ్రిటిష్ మ్యూజియం రాత్రి 8:30 దాకా, నేషనల్ గ్యాలరీ 9 దాకా, వీ అండ్ ఏ 10 దాకా తెరిచి ఉంటాయి. పనిరోజుల్లో పొద్దున 6:30 నుంచి 9:30, సాయంత్రం 4 నుంచి 7 మధ్య ట్యూబు ఛార్జీ ఎక్కువ. కానీ సాయంత్రం ఆ వేళలో బయటి జోన్ నుంచి ఊరి నడిబొడ్డైన జోన్ 1 లోపలికి వెళ్తే తక్కువ ఛార్జీయే పడుతుంది. జోన్ 1 నుంచి బయటికి వస్తేనే ఎక్కువ. అంటే క్లాసులయ్యాక నాలుగున్నరకి ఈస్ట్ హామ్‌లో ఎక్కి, ఏడు దాటాక వెనక్కి బయల్దేరితే రెండువైపులా తక్కువ ఛార్జీతోనే అయిపోతుంది. జనం కూడా పలచగా ఉంటారు. 16-25 రైల్‌కార్డు (రైలు ఛార్జీ తగ్గించే కార్డు) ఉంటే దాన్ని ఆయిస్టర్ కార్డుకి, అంటే డబ్బు వేసుకుని గేటు దగ్గర ముట్టించే ఇక్కడి ప్రయాణ కార్డుకి, స్టేషన్‌లో సిబ్బంది చేత లింకు చేయించుకోండి, రద్దీ లేని వేళల్లో మూడో వంతు తగ్గుతుంది. బ్యాంకు కార్డుకి అది లింకు కాదు. స్టూడెంట్ ఆయిస్టర్ వేరు. దాని 30 శాతం తగ్గింపు వారం, నెల పాసుల మీదే గానీ టాప్ చేసే ఒక్కో ప్రయాణం మీద కాదు. చాలామంది అది తీసుకుని, తగ్గింపు వస్తోందనే నమ్మకంతో పూర్తి ఛార్జీ కడుతుంటారు.

ఈస్ట్ హామ్ నుంచి డిస్ట్రిక్ట్ లైను నేరుగా సౌత్ కెన్సింగ్టన్ వెళ్తుంది, రైలు మారక్కర్లేదు. అక్కడ దిగి భూగర్భ నడవలోంచే వెళ్తే వీ అండ్ ఏ, నేచురల్ హిస్టరీ, సైన్స్ మ్యూజియం మూడూ వస్తాయి. బ్రిటిష్ మ్యూజియానికైతే మైల్ ఎండ్‌లో దిగి, అదే ప్లాట్‌ఫాం అవతలి అంచున సెంట్రల్ లైను ఎక్కండి. హోబోర్న్‌లో గానీ టాటెన్‌హామ్ కోర్ట్ రోడ్‌లో గానీ దిగొచ్చు. ఒక మ్యూజియం నుంచి ఇంకోదానికి ట్యూబు ఎక్కకండి. బ్రిటిష్ మ్యూజియం నుంచి నేషనల్ గ్యాలరీకి నడిస్తే పావుగంట, ఇరవై నిమిషాలు.

ఒక రోజులో ఎన్ని అంటే, ఒకటిన్నర. సౌత్ కెన్సింగ్టన్‌లో మూడు పక్కపక్కనే ఉన్నాయి కదా అని మూడూ పెట్టుకుంటే ఏదీ చూసినట్టుండదు. పెద్ద మ్యూజియంలో రెండు గంటలు దాటితే కళ్లు చూస్తాయి, బుర్రకెక్కదు. కాళ్లు పీకేసరికి కాఫీ షాపులో కూర్చుంటారు, నలుగురి కాఫీలూ కేకులూ కలిపి ఇరవై పౌన్లు దాటుతాయి. ఆకలే మీ అసలు ఖర్చు. పులిహోర కట్టుకెళ్లండి. సైన్స్ మ్యూజియంలో సొంత డబ్బా తినడానికి చోటుంది. ఎండ ఉంటే వీ అండ్ ఏ లోపలి తోటలో కూర్చోవచ్చు. బ్రిటిష్ మ్యూజియం దగ్గరైతే రస్సెల్ స్క్వేర్ పార్కు రెండడుగులు. గ్యాలరీల లోపల మాత్రం తినకూడదు. నేషనల్ గ్యాలరీలో 2024 అక్టోబరులో పెయింటింగుల మీద దాడుల తర్వాత నీళ్ల సీసాతో సహా బయటి ద్రవాలు లోపలికి రానివ్వడం ఆపేశారు. పసిపిల్లల పాలకీ డాక్టరు రాసిన మందులకీ మినహాయింపు ఉంది.

సామాను విషయం కూడా డబ్బుతో ముడిపడ్డదే. చక్రాల సూట్‌కేసుని బ్రిటిష్ మ్యూజియం గేటు దగ్గరే ఆపేస్తారు. 40 x 40 x 50 సెంటీమీటర్లకి మించిన బ్యాగు కూడా కుదరదు. చెకౌట్ అయ్యాక ఫ్లైటు దాకా టైము ఉందని బంధువుల్ని సూట్‌కేసులతో తీసుకొస్తే, స్టేషన్ దగ్గర లగేజీ దాచే చోట ఒక్కో పెట్టెకీ విడిగా కట్టాల్సి వస్తుంది. క్లోక్‌రూముకి కూడా చాలాచోట్ల డబ్బు. చిన్న బ్యాగు, నడుముకి కట్టుకోగల కోటు, అంతే.

ఇప్పుడు అసలు ఎక్కడికెళ్లాలో చెబుతాం. బ్రిటిష్ మ్యూజియంలో అందరూ ముందు గేటులోంచి వెళ్లి 4వ గదిలో పాత ఈజిప్టు లిపిని చదవడానికి తాళంచెవి అయిన రొసెట్టా రాయి చుట్టూ మూగుతారు. మీరు వెనక మాంటేగ్యూ ప్లేస్ గేటు నుంచి వెళ్లండి. అక్కడ సెక్యూరిటీ క్యూ సాధారణంగా చిన్నది, 33వ గదికి దగ్గర కూడా. ఆ గది చివర, అద్దాల వెనక 33ఏ ఉంటుంది. అది అమరావతి గది. మన కృష్ణ ఒడ్డున ధాన్యకటకంలో నిలిచిన మహాస్తూపం రాళ్లవి. వాల్టర్ ఇలియట్ 1845లో తవ్వించి మద్రాసు పంపించినవి 1859లో ఓడెక్కి లండన్ వచ్చాయి. మ్యూజియం దగ్గర నూటికి పైగా ముక్కలున్నాయి. మిగతావాటిలో చాలా భాగం చెన్నై ఎగ్మూరులో, కొన్ని అమరావతిలోనే ఉన్నాయి. రాయి పల్నాటి సున్నపురాయి. తేమ పడదు కాబట్టి ఆ గదిలో గాలిని అదుపులో ఉంచుతారు. సిబ్బంది చాలనప్పుడు కొన్ని గదులు ఆ పూటకి మూసేస్తారు. బయల్దేరే ముందు వెబ్‌సైటులో 33ఏ తెరిచి ఉందో లేదో చూసుకోండి.

లోపల రెండువైపులా చెక్కిన ఒక ఫలకం ఉంది. దాని దగ్గర పది నిమిషాలు నిలబడండి. ఒకవైపు బోధివృక్షం, దాని కింద ఖాళీ ఆసనం, చుట్టూ మొక్కుతున్న మనుషులు. బుద్ధుడి రూపం ఉండదు. అది క్రీస్తుపూర్వం ఒకటో శతాబ్దం నాటి పని, అప్పటికి ఆయన్ని మనిషిగా చెక్కే అలవాటు లేదు. మూడు వందల ఏళ్లు గడిచాక అదే రాయిని తిప్పి, రెండో వైపు మొత్తం స్తూపాన్నే చెక్కారు. చుట్టూ కంచె, ద్వారం, ద్వారం ఎదుట వేదిక మీద అయిదు ఆయక స్తంభాలు (స్తూపం వేదిక మీద వరసగా నిలిపే రాతి కంబాలు), పైన గుమ్మటం. ఇవాళ అమరావతిలో దిబ్బ మాత్రమే మిగిలింది కాబట్టి ఆ స్తూపం ఎలా ఉండేదో తెలిసేది ఇలాంటి ఫలకాల వల్లే. గుంటూరు, విజయవాడ నుంచి వచ్చిన పిల్లలు ఈ గది ఉందని తెలియక మమ్మీలు చూసి వెళ్లిపోతుంటే మనసుకి కష్టంగా ఉంటుంది. ఫొటోలు తీసుకోవచ్చు, సెల్ఫీ స్టిక్ వద్దు.

అక్కడి నుంచి పది, పన్నెండు నిమిషాలు నడిస్తే లింకన్స్ ఇన్ ఫీల్డ్స్‌లో 13వ నంబరు ఇల్లు, సర్ జాన్ సోన్ మ్యూజియం. అదీ ఉచితమే. బుధవారం నుంచి ఆదివారం దాకానే తెరుస్తారు. సోన్ అనే ఆర్కిటెక్టు తన ఇల్లు తన తర్వాత కూడా ఉన్నదున్నట్టు ఉండాలని 1833లో పార్లమెంటు చేత చట్టమే చేయించాడు. చిన్న చిత్రాల గదిలో గోడలు తలుపుల్లా తెరుచుకుంటాయి, వాటి వెనక ఇంకో వరస చిత్రాలు ఉంటాయి. సిబ్బంది తెరిచేదాకా ఆగండి, ముందే వెళ్లిపోతే సగమే చూసినట్టు. నేలమాళిగలో ఈజిప్టు రాజు మొదటి సేతి శవపేటిక ఉంది. 2,000 పౌన్లు పెట్టడానికి బ్రిటిష్ మ్యూజియం ఒప్పుకోకపోతే 1824లో సోన్ కొన్నాడు.

మీ ఇంటికి దగ్గరలో స్ట్రాట్‌ఫర్డ్ పక్కన 2025 మే నెలాఖరులో వీ అండ్ ఏ ఈస్ట్ స్టోర్‌హౌస్ తెరిచారు. దుకాణం గోడౌన్‌లా అరల మధ్య నడుస్తూ చూడొచ్చు. కేటలాగులో వెతికి అక్కడున్న వస్తువుల్లో అయిదింటి దాకా ఎంచుకుంటే, కనీసం రెండు వారాల ముందు చెబితే, బల్లమీద పెట్టి దగ్గర నుంచి చూపిస్తారు. దీనికీ డబ్బు లేదు. కోరమాండల్ తీరపు అద్దకం బట్టల కోసం వెతకండి.

డబ్బు పెట్టి చూడదగ్గది టవర్ ఆఫ్ లండన్, కోహినూరు కోసం. పెద్దవాళ్ల టికెట్టు 30 పౌన్లు దాటుతుంది. స్టూడెంట్ ధర అడగండి. పొద్దున తెరవగానే నేరుగా నగల భవనానికి వెళ్లండి. కిరీటాల ముందు కదిలే పట్టీ మీద నిలబెట్టి తీసుకెళ్తారు, క్షణాల్లో దాటిపోతుంది. మళ్లీ చుట్టి రావచ్చు, జనం లేనప్పుడు రెండు మూడు సార్లు తిరగండి. ఫొటోలు తియ్యనివ్వరు. రాజమాత ఎలిజబెత్ కిరీటంలో 105.6 క్యారట్ల రాయి అదే. లండన్ ట్రాన్స్‌పోర్ట్ మ్యూజియం కూడా డబ్బుదే కానీ ఒకసారి కొన్న టికెట్టు ఏడాదంతా పనికొస్తుంది. ఒక్కసారి చూసి పారెయ్యొద్దు. మీలో 16 నుంచి 25 ఏళ్ల వాళ్లుంటే టేట్ కలెక్టివ్ అనే యువతీయువకుల పథకంలో ఉచితంగా చేరండి, టేట్ ప్రత్యేక ప్రదర్శనలు 5 పౌన్లకే చూడొచ్చు.

అమ్మానాన్నలకి మోకాళ్ల నొప్పులుంటే చక్రాల కుర్చీ పెద్ద మ్యూజియాల్లో ఉచితంగా ఇస్తారు, ముందు రోజు ఫోను చేసి చెప్పండి. బ్రిటిష్ మ్యూజియంలో మడత స్టూళ్లు కూడా ఉంటాయి. "ఎంతవుతుంది బాబూ" అని పౌనుని నూటికి పైగా రూపాయలతో హెచ్చవేసి చూసి, అమ్మ టీ కూడా వద్దంటుంది. అందుకే ఫ్లాస్కు పట్టుకెళ్లండి. వాళ్లని ముందు నేచురల్ హిస్టరీ మ్యూజియానికి తీసుకెళ్లండి. పెద్ద హాల్లో పైకప్పు నుంచి దిగుతున్నట్టు వేలాడే నీలి తిమింగలం అస్థిపంజరం 25 మీటర్ల పొడవు. దానికి చదివే అవసరం లేదు, ఇంగ్లీషు అవసరం అంతకన్నా లేదు. హాల్లోనే బెంచీలున్నాయి.

క్రిస్మస్ సెలవుల్లో వెళ్దాం అనుకునే ముందు క్యాలెండరు చూడండి. పెద్ద మ్యూజియాలన్నీ డిసెంబరు 24, 25, 26 తేదీల్లో, లేదా వాటిలో కొన్ని రోజులు మూసి ఉంటాయి. 25న ట్యూబూ ఉండదు, బస్సూ ఉండదు. 27 నుంచి జనం విరగబడతారు. 22, 23 తేదీల్లో పొద్దున పది గంటల స్లాటు ముందుగానే బుక్ చేసుకోండి.