విశాఖ వెళ్లొచ్చిన అంబాసిడర్: గేర్ బాక్స్ విప్పే ముందు

చిరంజీవి చిన్నోడికి, పెదనాన్న ఆశీస్సులు.

తాతయ్య మార్క్ 2 అంబాసిడర్‌ని హైదరాబాద్ నుంచి విశాఖ తీసుకెళ్లి, అరకు ఘాట్ ఎక్కించి దించి, క్షేమంగా తిరిగొచ్చావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. సంతోషం. ఆదివారం గేర్ బాక్స్ విప్పి చూస్తానన్నావట, అదే నాకు టెన్షన్. అప్పుడే విప్పకురా. ముందు గేర్ బాక్స్ ఆయిల్ చూడు.

బండిని ఓ పది కిలోమీటర్లు తిప్పి, లెవెల్ చూసుకుని, వేడి మీదుండగానే ఆయిల్ దించు. చల్లారితే అరిగిన లోహపు పొడి అడుక్కి చేరి అక్కడే ఉండిపోతుంది. లెవెల్ తగ్గి ఉంటే వెనక సీల్ దగ్గర కారిందేమో తడిమి చూడు. దించిన ఆయిల్‌ని పాత తెల్ల పంచె ముక్కతో స్టీలు బేసిన్‌లోకి వడకట్టు. నేనోసారి మీ పెద్దమ్మ కాఫీ గుడ్డ వాడి తిట్లు తిన్నాను.

ఆ గుడ్డని ఎండలో అటూ ఇటూ తిప్పు. బంగారు రజనులా మెరిస్తే అది సింక్రో రింగుల ఇత్తడి. గేర్ పడేటప్పుడు వేగాలు కలిపి కర్రుమనకుండా చూసేవి ఆ రింగులే. నువ్వు కొత్త రింగులు వేయించావు కాబట్టి మొదటి ఆయిల్‌లో కాస్త కనబడటం మామూలే. గుడ్డ మీద అయస్కాంతం తిప్పు. దానికి కాటుకలా అంటుకున్నది వేళ్ల మధ్య మెత్తగా నలిగితే భయం లేదు. గోటికి తగిలే రేకులో, ముక్కలో దొరికితే మాత్రం బండి కదపొద్దు. గేర్ పన్ను విరిగి ఉండాలి, లేదా బేరింగ్ పెచ్చులూడుతూ ఉండాలి.

తర్వాత చెవి పెట్టు. న్యూట్రల్‌లో ఇంజిన్ ఆడుతుండగా గరగరమని, క్లచ్ తొక్కగానే ఆగిపోతే ఆ శబ్దం బాక్స్‌లోదే. తొక్కినప్పుడే మొదలైతే క్లచ్ బేరింగ్‌ది, బాక్స్ జోలికి పోకు. 1, 2, 3 గేర్లలో మూలుగుతూ టాప్‌లో, అంటే నాలుగో గేర్‌లో, సద్దుమణిగితే నా అనుమానం లే షాఫ్ట్ మీదే. బాక్స్‌లో పక్క గేర్లను మోసే ఇరుసు అది. టాప్‌లో బలం నేరుగా వెనక్కి పోతుంది, లే షాఫ్ట్ మీది గేర్లు బరువు లేకుండా తిరుగుతాయి.

ఘాట్ దిగేటప్పుడు సెకండ్ గేర్ దానంతటదే న్యూట్రల్‌కి వచ్చేసిందా? లోపల స్ప్రింగ్ మెత్తబడినా, పళ్ల అంచులు అరిగినా అలా అవుతుంది. కానీ ముందు స్టీరింగ్ పక్క లివర్ నుంచి కిందికి వెళ్లే రాడ్లు, వాటి బుష్‌లు కదిపి చూడు. అవి వదులైతే గేర్ పూర్తిగా పడదు, నింద బాక్స్ మీద పడుతుంది. ఇక ఫస్ట్ గేర్‌కి సింక్రో లేదు. బండి పూర్తిగా ఆగకముందే వేస్తే కర్రుమంటుంది, అది నీ తొందర. ఆగాక కూడా కర్రుమంటుంటే ఒకసారి సెకండ్‌కి తాకించి ఫస్ట్‌లో వేయి.

ఇవన్నీ చూశాక కూడా విప్పాల్సి వస్తే, లే షాఫ్ట్‌ని తీసి తుడిచి, నీడిల్ బేరింగ్‌లు (సూదుల్లాంటి సన్నటి రోలర్లు) తిరిగే చోట గోరుతో అడ్డంగా గీయి. నా కుర్రతనంలో ఒక టాక్సీ బాక్స్‌లో తగిలీ తగలనట్టు చిన్న గాడి కనిపించింది. ఆ మాత్రానికి షాఫ్ట్ ఎందుకని కొత్త నీడిల్స్ మాత్రమే వేశాను. నెల తిరక్కుండా ఆ బండి మళ్లీ మూలుగుతూ వచ్చింది. షాఫ్ట్ మీద గుంటలు, నా కొత్త నీడిల్స్ అన్నీ చెడిపోయాయి. డబ్బులు నా జేబులోంచే పోయాయి. గోరు ఆగిందంటే షాఫ్ట్, నీడిల్స్ రెండూ మార్చాల్సిందే. పళ్ల మీద నున్నటి మెరుపుంటే పర్వాలేదు. స్ఫోటకం మచ్చల్లా గుంటలున్నా, వేడికి నీలం తిరిగినా ఆ గేర్ పక్కన పెట్టేయి.

కొత్త ఆయిల్ పోసేటప్పుడు ఖరీదైనదని జీఎల్-5 రకం గేర్ ఆయిల్ పోయకు. అందులో గంధకపు మందులెక్కువ, ఇత్తడి రింగుల్ని అవి తినేస్తాయని పాత బాక్సుల్లో నేను పోయను. డబ్బా మీద జీఎల్-4 అని ఉందో లేదో చదివి, బండి పుస్తకంలో రాసిన చిక్కదనమే కొను.

గుడ్డ ఫోటో వాట్సాప్‌లో పంపు. ఎండలో తియ్యి. ఫ్లాష్ వేస్తే మసి కూడా బంగారంలాగే మెరుస్తుంది.

మీ పెదనాన్న